లండన్: ఊరి మధ్యలో ఇరుకు గదులా, దూరంగా చెయిన్ హోటలా? (ఆరుగురం, నాన్నకి మోకాళ్ళ నొప్పి)

కాకినాడ_కాజా · 12 జులై 2025

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. దసరా సెలవుల్లో మొదటిసారి లండన్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, పదమూడేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు, మా అమ్మానాన్న. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, 72 ఏళ్ళు, మోకాళ్ళు అరిగాయి. నడుస్తారు కానీ మెట్లంటే భయం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

అన్నీ కుదిరాయి గానీ బండి హోటల్ దగ్గర ఆగింది. ఊరి మధ్యలో ఉన్న లీస్టర్ స్క్వేర్ చుట్టుపక్కల రెండు గదుల రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అదే స్ట్రాట్‌ఫర్డ్‌లోనో, ఎక్సెల్ ఎగ్జిబిషన్ సెంటర్ దగ్గరో, వెంబ్లీలోనో పేరున్న చెయిన్ హోటళ్ళలో అయితే రెండు గదులకీ కలిపి రాత్రికి 150 పౌండ్లు తక్కువ. ఏడు రాత్రులకి 1050 పౌండ్లు, మన డబ్బులో లక్షా ఇరవై వేల దాకా. మా ఆవిడ దూరమైనా పర్లేదంటోంది. నాకేమో అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి ఊరి చివర పడుకోవడమేంటని బెంగ. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బాబాయ్ · 12 జులై

ఊరి మధ్యలోనే తీసుకో బాబూ. 2019లో నేనూ ఇలాగే లెక్కలేసి దూరంగా తీసుకున్నాను. గదికి వంక పెట్టడానికి లేదు, పరుపు మెత్తగా ఉంది, బాత్రూం శుభ్రంగా ఉంది. ఏం లాభం? పొద్దున తొమ్మిదింటికి బయటపడితే మళ్ళీ రాత్రి తొమ్మిదింటికే మంచం మొహం చూసేది. మూడోరోజు మధ్యాహ్నం మా అత్తగారు "ఇంక నావల్ల కాదు నాయనా" అని బ్రిటిష్ మ్యూజియం మెట్ల మీద కూలబడిపోయారు. గది పక్కనే ఉంటే గంటసేపు నడుం వాల్చి, కాఫీ తాగి, సాయంత్రం మళ్ళీ బయల్దేరేవాళ్ళం. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఆ గంటకే మనం డబ్బు కట్టేది.

ఈస్ట్‌హామ్_అక్క · 13 జులై

నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. ఏటా ఎవరో ఒకరు చుట్టాలొస్తారు, ఏటా ఇదే ప్రశ్న. బాబాయ్ గారు చెప్పిన మధ్యాహ్నం కునుకు నిజమే, కాదనను. కానీ "దూరం" అన్న మాటని ఈ ఊళ్ళో కిలోమీటర్లలో కొలిస్తే మోసపోతారు. మూడు చూడండి తమ్ముడూ: రైలు మారకుండా వెళ్ళొచ్చా, స్టేషన్లో రోడ్డు నుంచి ప్లాట్‌ఫాం దాకా లిఫ్టు ఉందా, స్టేషన్ నుంచి హోటల్‌కి రాత్రిపూట ఎలాంటి దారిలో నడవాలి.

మీరనుకునే లీస్టర్ స్క్వేర్ పక్కనే కోవెంట్ గార్డెన్ స్టేషన్ ఉంది. అక్కడ లిఫ్టు జనంతో నిండితే కొందరు హుషారుగా మెట్లెక్కుతారు. 193 మెట్లు, గుండ్రంగా తిరిగే మెట్లు. మధ్యలో ఆగిపోయిన వాళ్ళని నా కళ్ళతో చూశాను. ట్యూబ్, అంటే ఇక్కడి భూగర్భ రైలు, 1863లో మొదలైంది మరి, చాలా స్టేషన్లు మోకాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. ఊరి మధ్యలో ఉన్నంత మాత్రాన నాన్నగారికి సుఖమని ఏమీ లేదు.

ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు మార్గం వేరే సంగతి. 2022 మేలో తెరిచారు. మొత్తం 41 స్టేషన్లలోనూ రోడ్డు నుంచి ప్లాట్‌ఫాం దాకా ఒక్క మెట్టు ఎక్కకుండా వెళ్ళొచ్చు. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఎక్కితే నాలుగో స్టేషన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, పావుగంట లోపే. అక్కణ్ణించి బ్రిటిష్ మ్యూజియం నడక దూరం. అదే స్ట్రాట్‌ఫర్డ్‌లో ట్యూబ్ వాళ్ళ జూబిలీ లైన్ మొదలవుతుంది. ఖాళీ రైలు ఎక్కి కూర్చుంటే లండన్ బ్రిడ్జ్, వెస్ట్‌మినిస్టర్, గ్రీన్ పార్క్ వరసగా వస్తాయి. నాన్నగారికి సీటు దొరుకుతుంది. ఎక్కిన చోట సీటు దొరకడమంటే ఏంటో రైల్వే మనిషికి మనం చెప్పక్కర్లేదు.

ఎక్సెల్ దగ్గర కస్టమ్ హౌస్ కూడా ఎలిజబెత్ లైనే. అయితే అది ఎగ్జిబిషన్లు జరిగే చోటు. ప్రదర్శన ఉన్న వారం రేటు ఆకాశంలో ఉంటుంది, లేనప్పుడు పడిపోతుంది. రాత్రి ఎనిమిది దాటితే పిల్లిని చూడాలన్నా కష్టం. వెంబ్లీ పార్క్ నుంచి జూబిలీ మీద వెస్ట్‌మినిస్టర్‌కి అరగంట. అమ్మగారికి అక్కడి ఈలింగ్ రోడ్ బాగా నచ్చుతుంది, అంతా గుజరాతీ శాకాహారం. కాకపోతే ఎదురుగా 90 వేలమంది పట్టే స్టేడియం. కచేరీ ఉన్న రోజు బుక్ చేస్తే రేటూ బాధే, ప్లాట్‌ఫామూ బాధే. స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ ఉంటే స్టేషన్ తిరునాళ్ళే. ఏది తీసుకున్నా ముందు ఆ తేదీల్లో అక్కడ ఏం జరుగుతోందో చూడండి.

స్లౌ_లో_నేను · 13 జులై

అక్క చార్జీల సంగతి చెప్పలేదు, నేను చెప్తాను. చార్జీల కోసం లండన్‌ని ఊరి మధ్య నుంచి బయటికి జోన్లుగా విడగొట్టారు. 2025 మార్చిలో పెట్టిన రేట్ల ప్రకారం రోజంతా ఎన్నిసార్లు తిరిగినా మనిషికి పడే గరిష్ఠం ఇది: 1-2 జోన్లలో 8.90 పౌండ్లు, 3 దాకా 10.50, 4 దాకా 12.80, 6 దాకా 16.30. స్ట్రాట్‌ఫర్డ్ రెండు, మూడు జోన్ల గీత మీద ఉంది కాబట్టి ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు రెండుగానే లెక్క. అంటే లీస్టర్ స్క్వేర్‌లో ఉన్నా, స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉన్నా రోజు గరిష్ఠం ఒకటే! వెంబ్లీ పార్క్ నాలుగో జోన్. మీ నలుగురు పెద్దవాళ్ళకి రోజుకి 15.60 పౌండ్లు ఎక్కువ. ఆరు రోజులు తిరిగితే 93.60. అక్కడ గది రేటు తక్కువ కనిపిస్తే ముందు ఇది కలిపి చూసుకోండి.

బాబుకి పదకొండు నిండలేదు కాబట్టి మీతోపాటు ట్యూబ్‌లో, ఎలిజబెత్ లైన్లో, డీఎల్ఆర్ అనే చిన్న రైళ్ళలో ఉచితం. పాపకి ఆయిస్టర్ కార్డు (డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే ప్రయాణ కార్డు) కొని, స్టేషన్ సిబ్బందిని అడిగి యంగ్ విజిటర్ డిస్కౌంట్ పెట్టించండి. 11 నుంచి 15 ఏళ్ళ వాళ్ళకి, 14 రోజుల వరకు సగం చార్జీ. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు. అమ్మానాన్నలకి సీనియర్ రాయితీ ఉంటుందని ఆశపడకండి, అది ఇక్కడి నివాసులకే.

ఇంకోటి, మావైపు స్లౌలో హోటళ్ళు చవగ్గా కనిపిస్తాయి, ఎలిజబెత్ లైన్ కూడా ఉంది. కానీ ఆయిస్టర్ కార్డు వెస్ట్ డ్రేటన్ దాకానే. ఆ తర్వాత కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు పని చేస్తుంది, ఆయిస్టర్ పని చేయదు. పైగా ఇది లండన్ జోన్ల బయట. మా ఊరికి రావొద్దని నేనే చెప్పాల్సి రావడం బాధగానే ఉంది.

ఓరుగల్లు_పిల్ల · 14 జులై

నా కథ వినండి, నవ్వొస్తుంది. పేరులో "లండన్" అని ఉన్న హోటల్ ఒకటి బుక్ చేసిన. మ్యాప్‌లో స్టేషన్‌కి కిలోమీటర్. ఇంకేం కావాలె అనుకున్నం. దిగి చూస్తే స్టేషన్‌కీ హోటల్‌కీ మధ్యల పెద్ద హైవే, దాని మీద రౌండబౌట్. అటువైపు గోదాములు, కార్ల షోరూంలు. కాలిబాట సగంల ఆగిపోయింది. వానల నాలుగు పెట్టెలు గడ్డి మీద గుంజుకుంట పోయినం. మా అత్తమ్మ "మేడారం జాతరకి నడిచినప్పుడు కూడా ఇంత కష్టపడలే బిడ్డా" అన్నది. గది మాత్రం మస్తుండె. కానీ చుట్టూ తినడానికి ఒక్క పెట్రోలు బంకు, అందుల చల్లటి శాండ్‌విచ్‌లు. ఐదు రోజులు రాత్రి భోజనం మొత్తం టాక్సీ వాడికే పెట్టినం.

అందుకే మ్యాప్‌ల దూరం చూడకండి. వీధి ఫోటోలు తెరిచి, స్టేషన్ నుంచి హోటల్ దాకా వేలితో నడుచుకుంట పోండి. దారిల దుకాణాలు ఉన్నయా, కాలిబాట ఉన్నదా, రోడ్డు దాటేందుకు సిగ్నల్ ఉన్నదా చూస్కోండి. ఇక్కడ కార్లల్ల వచ్చేటోళ్ళ కోసం కట్టిన హోటళ్ళు వేరే ఉంటయి. వాటికి పార్కింగే ప్రాణం. రైలు మీద తిరిగే మనలాంటోళ్ళకి అవి పడవు.

కాకినాడ_కాజా · 14 జులై

అక్కా, స్లౌ గారూ, ఓరుగల్లు గారూ, చాలా థాంక్సండి. వేలితో నడిచే పని రాత్రే చేశాను. వెంబ్లీ వదిలేశాను. స్ట్రాట్‌ఫర్డ్ అయితే స్టేషన్ నుంచి మాల్ లోంచి నడిచి హోటల్‌కి ఏడెనిమిది నిమిషాలు పడుతుందనిపిస్తోంది.

ఇప్పుడు కొత్త చిక్కు. ఫ్యామిలీ రూమ్ ఒకటి తీసుకుని అందులో అందరం సర్దుకోవచ్చా? మనవైపు అదనపు పరుపు వేయమంటే వేస్తారుగా. టిఫిన్ కూడా ముందే కట్టేయాలా?

ఈస్ట్‌హామ్_అక్క · 15 జులై

సర్దుకోవడం అనే మాట ఇక్కడ మర్చిపోండి తమ్ముడూ! ఇలాంటి చెయిన్లలో ఫ్యామిలీ రూమ్ అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, అంతే. మూడో పెద్దమనిషిని రాయనివ్వదు సిస్టం. నిప్పు ప్రమాదం జరిగితే ఏ గదిలో ఎందరున్నారో వాళ్ళకి తెలియాలి. కాబట్టి మీ నలుగురికీ ఒకటి, అమ్మానాన్నలకి ఒకటి. బుక్ చేశాక హోటల్‌కి ఫోన్ చేసి పక్కపక్క గదులు, లిఫ్టుకి దగ్గరగా కావాలని అడగండి. పిల్లల మంచం సోఫాలోంచి లాగేదో, కింద నుంచి లాగేదో ఉంటుంది. అది వేశాక పెద్ద పెట్టె తెరవడానికి చోటుండదు, చిన్న పెట్టెలు తెచ్చుకోండి.

టిఫిన్ సంగతి హోటల్‌ని బట్టి. హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్‌లో గది రేటులోనే కలిపి ఉంటుంది. ప్రీమియర్ ఇన్‌లో ఒక పెద్దవాళ్ళు పూర్తి బ్రేక్‌ఫాస్ట్ కొంటే పదహారు లోపు పిల్లలు ఇద్దరికి ఉచితం. మీ ఆవిడో మీరో ఒక్కరు కొంటే పిల్లలిద్దరూ కడుపునిండా తింటారు. అమ్మగారికి మాత్రం దండగ. టోస్టు, బీన్స్, వేయించిన పుట్టగొడుగులు, ఆలూ హాష్ బ్రౌన్, పండ్లు ఉంటాయి గానీ పక్క గరిటెలో పంది సాసేజీ చూసి ఆవిడ లేచి వచ్చేస్తారు. మా అత్తగారు అలాగే వచ్చేశారు. గదిలో కెటిల్ ఉంటుంది, ఫ్రిజ్ మామూలుగా ఉండదు. వేడినీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా, అటుకుల ప్యాకెట్లు తెచ్చుకోండి. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడ పట్టదు, అడాప్టర్లు రెండైనా కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం, వీసా వచ్చిందా? రాకపోతే డబ్బు తిరిగిరాని రేటు ముట్టుకోవద్దు. పది, పదిహేను పౌండ్లు ఎక్కువైనా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

పొన్నూరు_పోపు · 15 జులై

వంట మాట వచ్చింది కాబట్టి నా పాపం చెప్పుకుంటాను. ఆఫీసు పనిమీద మూడు వారాలు ఇలాంటి హోటల్లోనే ఉన్నాను. ఊరు, పేరు అడక్కండి. రెండో వారానికి నాలుక చచ్చిపోయింది. చిన్న ఇండక్షన్ పొయ్యి కొని, గదిలో పప్పుచారు పెట్టాను. చారు వరకూ బాగానే ఉంది. ఎండుమిరపకాయ, ఇంగువ వేసి పోపు పెట్టానండీ, అంతే. రెండు నిమిషాల్లో అలారం మోగింది. నా గదిలోనే కాదు, హోటల్ మొత్తం. రాత్రి తొమ్మిదింటికి, చలిలో, తువ్వాళ్ళతో, పిల్లల్ని ఎత్తుకుని, మూడొందలమంది రోడ్డు మీద నిలబడ్డారు. ఫైరింజన్ వచ్చింది. లోపలికెళ్ళినాయన కిందకి దిగి ఇంగువ వాసన తగిలిన మొహంతో నా వైపు చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోను. నేను మాత్రం జనంలో నిలబడి "ఎవడో బుద్ధిలేనివాడు" అన్నట్టు తల ఊపుతున్నాను.

శుభ్రం చేసే చార్జీ కట్టించుకున్నారు, నాది తప్పు, కట్టాను. వంట చేసుకోవాలంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ తీసుకోండి. కుక్కర్ ఆవిరికి కూడా అలారం మోగొచ్చు.

ఈస్ట్‌హామ్_అక్క · 15 జులై

నవ్వలేక చస్తున్నాను. పోపు గారూ, ఒక్క రైలెక్కి మా హై స్ట్రీట్ నార్త్‌కి వచ్చుంటే సాంబారు పోసేవాళ్ళు కదా!

తమ్ముడూ, ఇది మీకు కూడా. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి ఎలిజబెత్ లైన్లో బయటి వైపు మూడో స్టేషన్ మేనర్ పార్క్. దిగి నడిస్తే మహాలక్ష్మి అమ్మవారి గుడి, శరవణ భవన్, కరివేపాకు నుంచి మునక్కాయల దాకా అమ్మే దుకాణాలు. అమ్మగారి రాత్రి భోజనం సమస్య తీరినట్టే. ఊరి మధ్యలో ఉంటే ఇది గుర్తుకే రాదు. దూరంగా ఉండటంలో ఇలాంటి సుఖం ఒకటుంది.

బెజవాడ_బాబాయ్ · 16 జులై

అందరూ కలిసి నన్ను ఓడించేశారు. అయినా అడుగుతున్నాను: మధ్యాహ్నం రెండింటికి పెద్దాయన అలిసిపోతే? "పావుగంట లోపే" అని అక్క అంటోంది. ప్లాట్‌ఫాం దాకా దిగడం, ఎదురుచూడటం, అటువైపు దిగి మాల్ అంతా నడవడం కలిపితే ముప్పావుగంట. రానూ పోనూ గంటన్నర. అలా వెళ్ళినవాడు సాయంత్రం మళ్ళీ వస్తాడా? రాడు. నా డబ్బు కాదు కాబట్టి ఊరుకుంటున్నాను.

స్లౌ_లో_నేను · 16 జులై

బాబాయ్ లెక్క తప్పు కాదు. ఇంకో దారుంది. ఆఫీసులుండే చోట్ల, అంటే సిటీ, కానరీ వార్ఫ్ వైపు, శుక్రవారం నుంచి ఆదివారం దాకా చెయిన్ హోటళ్ళు చాలాసార్లు చవగ్గా దొరుకుతాయి. ఆఫీసు పని మీద వచ్చేవాళ్ళు వారాంతంలో ఉండరు కదా. నాలుగు రాత్రులు స్ట్రాట్‌ఫర్డ్, వారాంతం మూడు రాత్రులు సిటీలో. పెట్టెలు ఒకసారి మార్చాలి, అంతే.

కాకినాడ_కాజా · 16 జులై

ఆరుగురి పెట్టెలు ఒకసారి మార్చడమా! మా ఇంట్లో అది ఇల్లు మారడంతో సమానం. ఒక్కచోటే ఉంటాం. స్ట్రాట్‌ఫర్డ్ బుక్ చేశాను, రద్దు చేసుకునే రేటులోనే. ఒక ఫ్యామిలీ రూమ్, ఒక మామూలు గది. సెప్టెంబరు 24న దిగుతాం.

కాకినాడ_కాజా · 8 సెప్టెంబరు

వీసాలు వచ్చాయి. కానీ వార్తల్లో లండన్ ట్యూబ్ సమ్మె అంటున్నారు. దూరంగా తీసుకుని తప్పు చేశానా? టెన్షన్‌గా ఉంది. బాబాయ్ గారు ఇది చూడకుండా ఉంటే బాగుండు.

బెజవాడ_బాబాయ్ · 8 సెప్టెంబరు

చూశాను.

ఈస్ట్‌హామ్_అక్క · 9 సెప్టెంబరు

కంగారు పడకండి. సమ్మె ఈ వారమే. ట్యూబ్ ఆగింది గానీ ఎలిజబెత్ లైన్, ఓవర్‌గ్రౌండ్ రైళ్ళు, బస్సులు నడుస్తున్నాయి. రైలెక్కితే ఊపిరాడదు, అది వేరే విషయం. నేనూ అలాగే ఆఫీసుకెళ్ళాను. ఒక్క ట్యూబ్ లైన్ మీదే ఆధారపడే చోట హోటల్ తీసుకుని ఉంటే ఇలాంటప్పుడు ఇరుక్కుంటారు. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒకటి ఆగితే ఇంకోటుంటుంది.

కాకినాడ_కాజా · 6 అక్టోబరు

వచ్చేశాం. మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను, కాస్త పొడుగే.

హీత్రోలో ఎలిజబెత్ లైన్ ఎక్కి, మారకుండా స్ట్రాట్‌ఫర్డ్‌లో దిగాం. అన్ని రైళ్ళూ నేరుగా వెళ్ళవు, బోర్డు చూసి ఒకటి వదిలేసి తర్వాతది ఎక్కాం. నాన్న విమానం దిగిన దగ్గర్నించి హోటల్ గది దాకా ఒక్క మెట్టు ఎక్కలేదు. లిఫ్టులో నిలబడి "ఇదేదో బావుందిరా" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం మా పెళ్ళి తర్వాత ఇదే మొదటిసారని మా ఆవిడ అంటుంది.

మేం పొద్దున్నే చేరాం, గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వమన్నారు. పెట్టెలు రిసెప్షన్‌లో పెట్టుకున్నారు. అమ్మ అక్కడి సోఫాలో కూర్చుని మాగాయ పచ్చడి సీసా కారిందేమోనని ఒడిలో పెట్టుకుని మూత చూసుకుంటుంటే నాకు మాత్రం పోపు గారే గుర్తొచ్చారు.

గది ఫొటోలో ఉన్నట్టే ఉంది, అచ్చం. ఇలాంటి హోటళ్ళలో ఆశ్చర్యం ఉండదు, మంచిదైనా చెడ్డదైనా. పిల్లల మంచం లాగాక నిజంగానే పెట్టె తెరవడానికి చోటు లేదు. రోజూ పొద్దున పెట్టెని మా మంచం మీదకెక్కించి బట్టలు తీసుకున్నాం.

అసలు సంగతి నాన్నది. ఆయన గది కిటికీలోంచి పట్టాలు కనిపిస్తాయి. గదులిచ్చేటప్పుడు రిసెప్షన్ అమ్మాయి "ఇటువైపు రైళ్ళ చప్పుడు ఉంటుంది, మార్చమంటారా" అని అడిగింది. నాన్నకి అనువదించి చెప్పాను. "మార్చమంటే ఊరుకోను" అన్నారు. సామర్లకోటలో, రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు రైళ్ళు చూసిన మనిషి, కుర్చీ కిటికీ దగ్గరకి లాక్కుని కూర్చున్నారు. ఎర్రది డీఎల్ఆర్ అనీ, దానికి డ్రైవరు క్యాబిన్ లేదనీ, ఊదారంగు చార ఉన్నది ఎలిజబెత్ అనీ మొదటిరోజు సాయంత్రానికే మాకు పాఠం చెప్పారు.

బాబాయ్ గారూ, మీరు చెప్పింది జరిగింది. మూడోరోజు మధ్యాహ్నం గ్రీన్ పార్క్‌లో బెంచీ మీద కూర్చుని "మీరెళ్ళండి, నేనిక్కడే ఉంటా" అన్నారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ ఎదురుగా ఉంది, లేచి చూడలేదు. అమ్మ ఆయన్ని తీసుకుని జూబిలీ ఎక్కి వెనక్కి వెళ్ళిపోయింది. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను కంగారుపడ్డాను, ఒకటే రైలు, ఆఖరి స్టేషన్, తప్పిపోయే వీల్లేదని అమ్మే నాకు ధైర్యం చెప్పింది. మీరన్నట్టే సాయంత్రం మళ్ళీ రాలేదు. కానీ మర్నాటి నుంచి వాళ్ళకి వేరే దినచర్య మొదలైంది. పొద్దున ఒలింపిక్ పార్కులో నడక, కాలవ పక్కన బెంచీ, సూపర్‌మార్కెట్‌లో పాలు, అరటిపళ్ళు. పది దాటాక అందరం కలిసి ఒకే ఒక చోటు చూసేవాళ్ళం, మూడింటికి వాళ్ళు వెనక్కి, మేం ముందుకి. చూడాలనుకున్నవాటిలో నాన్న సగమే చూశారు. అడిగితే చాలు అంటారు. నాకే కొంచెం వెలితిగా ఉంది.

అక్కా, మేనర్ పార్క్ రెండుసార్లు వెళ్ళాం. గుళ్ళో ఎవరో మాది ఏ ఊరని తెలుగులో అడిగేసరికి అమ్మ అరగంట కదల్లేదు. మాటల్లో బతుకమ్మకి పిలిచారు కూడా. మాకే కుదరలేదు, ఆరోజు టవర్ బ్రిడ్జ్‌కి టికెట్లు కొనేసుకున్నాం.

తప్పులు కూడా చెప్తాను. గ్రీనిచ్ నుంచి వచ్చేటప్పుడు డీఎల్ఆర్ స్టేషన్లో గేట్లు లేవు. కార్డు తాకించకుండానే ఎక్కేశాం, దిగిన చోట తాకించాం. మర్నాడు చూస్తే గరిష్ఠ చార్జీ పడింది. గేటు లేకపోయినా స్తంభానికి ఉండే యంత్రం మీద తాకించాలి. రెండోది, పొద్దున ఎనిమిదింటికి బయల్దేరిన రోజు ఎలిజబెత్ లైన్లో బాబు కనపడకుండా పోయాడు, పక్కనే ఉన్నాడు, జనంలో కనపడలేదంతే. ఆ తర్వాత తొమ్మిదిన్నర ముందు కదల్లేదు. మూడోది నా తప్పే, నా కార్డుని ఒకసారి ఫోన్‌తో, ఒకసారి కార్డుతో తాకించాను. అవి రెండూ ఇద్దరు మనుషుల కింద లెక్క, రోజు గరిష్ఠం రెండుచోట్లా విడివిడిగా నడిచింది.

మొత్తంగా గదుల్లో మిగిలిన 1050 పౌండ్లలో దాదాపు 130 టాక్సీలకీ, పై తప్పులకీ పోయింది. మిగతాది మిగిలింది. ఒక్క సాయంత్రం మాత్రం, నాటకం చూసి రాత్రి పదిన్నరకి లీస్టర్ స్క్వేర్‌లో బయటికి వచ్చినప్పుడు, నిద్రపోయిన బాబుని భుజాన వేసుకుని స్టేషన్ వైపు నడుస్తూ, ఎదురుగా ఉన్న హోటల్ తలుపు చూసి బాబాయ్ గారిని తలుచుకున్నాను.

బెజవాడ_బాబాయ్ · 6 అక్టోబరు

ఆ ఒక్క వాక్యం చాలు బాబూ. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఓరుగల్లు_పిల్ల · 7 అక్టోబరు

కాజా గారూ, కార్డు, ఫోను సంగతి నాకు తెల్వనే తెల్వదు. పోయినసారి నేనూ రెండూ వాడిన. ఇప్పుడు లెక్క చూస్కుంటే కడుపు మండుతుంది.

తణుకు_తాటిముంజ · 9 అక్టోబరు

మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మేం నలుగురం, డిసెంబరు 23 నుంచి 28 దాకా. ఈ లెక్క ప్రకారం మేమూ స్ట్రాట్‌ఫర్డ్ తీసుకోవచ్చు కదా? రేట్లు బాగున్నాయి. క్రిస్మస్ రోజు ఊరి మధ్యలో దీపాలు చూసి, రాత్రికి రైల్లో వెనక్కి వద్దామని.

ఈస్ట్‌హామ్_అక్క · 9 అక్టోబరు

ఆగండాగండి! డిసెంబరు 25న లండన్‌లో ట్యూబ్ ఉండదు, రైలు ఉండదు, బస్సు కూడా ఉండదు. టాక్సీ దొరికితే వాడు అడిగినంత. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉంటే ఆ రోజంతా స్ట్రాట్‌ఫర్డ్‌లోనే, మాల్ కూడా మూసేస్తారు. మీరు మాత్రం 24, 25 రాత్రులు ఊరి మధ్యలో, దీపాల దాకా నడిచివెళ్ళేంత దగ్గర్లో తీసుకోండి. ఖర్చయినా సరే.

బెజవాడ_బాబాయ్ · 9 అక్టోబరు

ఈ మాట జులై 12న ఎవరన్నారో పైకెళ్ళి చూసుకోండి.